హైడ్రోజన్ వచ్చు, స్పిన్ రాదు: ఎమ్మెస్సీ క్వాంటం మెకానిక్స్‌లో ఒక కేస్ స్టడీ

ఈ కేసులోని విద్యార్థిని నా దగ్గరికి వచ్చేనాటికి ఎమ్మెస్సీ ఫిజిక్స్ రెండో సెమిస్టర్‌లో ఉంది. డిగ్రీ దాకా తెలుగు మాధ్యమం, ఎంపీసీ గ్రూపు, ప్రభుత్వ కళాశాల. మొదటి సెమిస్టర్ క్వాంటం మెకానిక్స్ పేపర్లో తరగతిలో అందరికన్నా ఎక్కువ మార్కులు ఆమెవే. వేసవి ప్రాజెక్టు కోసం ఒక పరిశోధన సంస్థకు దరఖాస్తు పెట్టుకుంటే ఫోనులో ఇంటర్వ్యూ చేశారు. స్పిన్ (కణానికి సహజంగానే ఉండే కోణీయ ద్రవ్యవేగం) మీద చిన్న ప్రశ్న ఒకటి అడిగారు. జవాబు రాలేదు. ఇంటర్వ్యూ అక్కడితోనే ముగిసింది.

"మేడమ్, నాకు గణితం చాలడం లేదు. లీనియర్ ఆల్జీబ్రా, కాంప్లెక్స్ అనాలిసిస్ మొదటి నుంచి చదువుకుంటాను. అప్పటిదాకా క్వాంటం పక్కన పెడతాను" అంది.

పీజీ తరగతులకు క్వాంటం మెకానిక్స్ చెప్పేవాళ్ళు ఈ మాట ఏదో ఒక రూపంలో వినే ఉంటారు. చిత్రమేమిటంటే, బాగా చదివే పిల్లలే ఈ మాట ఎక్కువగా అంటారు. ఆమె అనుమతి తీసుకుని, గుర్తుపట్టే వివరాలన్నీ తీసేసి, ఏం చేశామో రాస్తున్నాను. లెక్కలు దాటవేయలేదు, ఎందుకంటే ఈ కేసులో అసలు సంగతంతా లెక్కల్లోనే ఉంది.

లోపం గణితంలో ఉందా?

గణితం చాలడం లేదని ఎవరైనా అంటే నేను ముందు నమ్మను. తెల్లకాగితం ఇచ్చి హైడ్రోజన్ పరమాణువు శక్తి స్థాయిలు రాబట్టమన్నాను. చేతిలో పుస్తకం లేదు, నోట్సు లేదు. చరరాశులను విడదీసింది, కేంద్రకానికి దూరంగా వేవ్ ఫంక్షన్ ఎలా తగ్గాలో రాసింది, శ్రేణిని ఎక్కడ తెంచాలో, ఎందుకు తెంచాలో చెప్పింది. చివరికి 13.6 ఎలక్ట్రాన్ వోల్టులను స్థాయి సంఖ్య ఎన్ వర్గంతో భాగించి కింద గీత గీసింది. చెయ్యి ఎక్కడా ఆగలేదు. ఆ శ్రేణి నుంచి వచ్చే లాగెర్ బహుపదులను అంత శుభ్రంగా రాసే మనిషికి గణితం రాదనడం అన్యాయం.

తరువాత మూడు ప్రశ్నలు ఇచ్చాను. మూడింటి జవాబులూ కలిపి అరపేజీ దాటవు.

మొదటిది స్పిన్ గురించి. స్పిన్ విలువ సగం ఉన్న కణం ఒకటి జెడ్ దిశలో 'పైకి' అనే స్థితిలో ఉంది. ఎక్స్ దిశలో స్పిన్ కొలిస్తే ఏమేమి రావచ్చు, ఏ సంభావ్యతతో? సున్నా వస్తుందని రాసింది. ఎందుకమ్మా అని అడిగితే, "స్పిన్ నిలువుగా ఉంది కదా మేడమ్, అడ్డంగా దాని భాగమేమీ ఉండదు" అంది. పుస్తకంలో గీసిన బాణం గుర్తును అక్షరాలా నమ్మింది. నిజానికి ఏ ఒక్క కొలతలోనూ సున్నా రాదు. హెచ్-బార్‌లో (ప్లాంక్ స్థిరాంకాన్ని 2πతో భాగిస్తే వచ్చేదానిలో) సగం, ప్లస్‌గానో మైనస్‌గానో, చెరి సగం సంభావ్యతతో వస్తుంది. సున్నా అన్నది అలాంటి కొలతలు ఎన్నో చేసి తీసిన సగటు.

రెండోది ఆమెకు బాగా తెలిసిన పెట్టె లెక్క. అనంతమైన గోడల మధ్య ఉన్న కణం మొదటి, రెండో శక్తి స్థాయిల సమాన సూపర్‌పొజిషన్‌లో, అంటే రెండు స్థితుల సమపాళ్ళ కలయికలో, ఉంది. శక్తిని కొలిస్తే ఎంత వస్తుంది? రెండింటి సగటు వస్తుందని రాసింది. రెండో స్థాయి మొదటిదానికి నాలుగు రెట్లు కాబట్టి సగటు రెండున్నర రెట్లు. ఆ పెట్టెలో రెండున్నర రెట్ల శక్తి ఉన్న స్థాయే లేదు. లేని స్థాయిని కొలతలో ఎలా చూస్తామన్న అనుమానం ఆమెకు రాలేదు.

మూడోది అదే స్థితికి కొనసాగింపు. కాలం గడిచేకొద్దీ పెట్టెలో కణం దొరికే సంభావ్యత మారుతుందా? ఇక్కడ ఆమె చేసిన పని గమనించదగ్గది. మొత్తం వేవ్ ఫంక్షన్ పక్కన ఒకే ఒక్క కాల ఘాతాన్ని (శక్తిని బట్టి కాలంతో మారే గుణకాన్ని) రాసింది, వర్గం తీసేటప్పుడు దాన్ని కొట్టేసింది, మారదని తేల్చింది. రెండు స్థాయిలకూ వేర్వేరు ఘాతాలు ఉండాలి. ఆ రెండింటి తేడా వల్లే సంభావ్యత పెట్టెలో ఎడమకూ కుడికీ ఊగుతుంది. ఒక నానోమీటరు పెట్టెలో ఎలక్ట్రాన్ అనుకుంటే మొదటి స్థాయి సుమారు 0.38 ఎలక్ట్రాన్ వోల్టులు, ఊగడానికి పట్టే కాలం దాదాపు 3.7 ఫెమ్టోసెకన్లు. ఇలాంటి అంకె ఒకటి చేతికి వచ్చేదాకా విద్యార్థులకు ఈ ఊగడం నిజమని అనిపించదు.

మూడు తప్పులకూ వేరు ఒకటే. ఆమె దృష్టిలో క్వాంటం మెకానిక్స్ అంటే కాలంతో సంబంధం లేని ష్రోడింగర్ సమీకరణాన్ని సాధించడం. హామిల్టోనియన్ (శక్తిని సూచించే ఆపరేటర్) ఏ స్థితి మీద పనిచేసినా శక్తి రెట్లు అదే స్థితి తిరిగి వస్తుందని ఆమె నమ్మకం. అది కొన్ని ప్రత్యేక స్థితులకు మాత్రమే చెల్లే మాట అని ఆమెకు ఎవరూ గట్టిగా చెప్పలేదు, పరీక్ష పేపరూ అడగలేదు.

ఇది మన దగ్గరే ఉన్న జబ్బు అనుకోవద్దు. 2008లో అమెరికన్ జర్నల్ ఆఫ్ ఫిజిక్స్‌లో చంద్రలేఖ సింగ్ ప్రచురించిన అధ్యయనం ఏడు విశ్వవిద్యాలయాల్లో క్వాంటం కోర్సు మొదలుపెడుతున్న 202 మంది పీజీ విద్యార్థులను పరీక్షించింది. వాళ్ళలోనూ చాలామంది ఇదే సమీకరణాన్ని క్వాంటం మెకానిక్స్ మూలసూత్రం అనుకున్నారు. ఆ వ్యాసం చదివాకే నేను ఈ మూడు తరహా ప్రశ్నలను ప్రతి కొత్త బ్యాచ్‌కూ మొదటి వారంలో ఇవ్వడం మొదలుపెట్టాను.

పాఠం ఏ దారిలో నడిచింది

హైసెన్‌బర్గ్ 1925లో తన సిద్ధాంతం రాసినప్పుడు అందులో ఉన్నవి మాత్రికలని గుర్తుపట్టింది మాక్స్ బోర్న్. ష్రోడింగర్ తరంగ సమీకరణం 1926లో వచ్చింది. రెండూ ఒకే సిద్ధాంతానికి రెండు రూపాలని ఆ ఏడాదే తేలింది. రెండింటినీ ఒకే చూరు కిందికి తెచ్చిన డిరాక్ పుస్తకం 1930 నాటిది, ఇప్పుడు మనం వాడే బ్రా-కెట్ గుర్తులు ఆయన 1939లో ప్రవేశపెట్టినవి.

మన సిలబస్‌లు సాధారణంగా 1926లో మొదలై చాలాకాలం అక్కడే ఉండిపోతాయి. పెట్టె, గోడ, డోలకం, హైడ్రోజన్ అన్నీ అవకలన సమీకరణాలే. డిరాక్ గుర్తులు ఎక్కడో ఒక యూనిట్‌లో, రాత తగ్గించుకునే షార్ట్‌హ్యాండ్ లాగా దర్శనమిస్తాయి. పరీక్షలో 'శక్తి స్థాయిలను రాబట్టుము' అని వస్తుంది, పిల్లలు రాబడతారు, మార్కులు పడతాయి. ఈ ఏర్పాటులో ఎవరికీ నష్టం లేదు, సబ్జెక్టుకు తప్ప.

దీనికి తోడు పిల్లి ఒకటి. ఈ అమ్మాయి వీడియోలు చూసి ష్రోడింగర్ పిల్లి (ఒకేసారి బతికీ చచ్చీ ఉన్నట్టు చెప్పే ఊహా ప్రయోగం) గురించి పదిహేను నిమిషాలు చక్కగా మాట్లాడగలదు. అమరావతిలో క్వాంటం వ్యాలీ వార్తలు మొదలయ్యాక క్యూబిట్ గురించీ అంతే ధారాళంగా మాట్లాడుతున్నారు పిల్లలు. క్యూబిట్ అంటే రెండు స్థితుల వ్యవస్థే. ఆ వ్యవస్థ మీద ఒక లెక్క ఇస్తే కలం కదలదు. పిల్లిని కొన్నాళ్ళు పక్కన పెట్టమని చెప్పాను. నాకు పిల్లుల మీద కోపం లేదు.

కొత్త గణిత పుస్తకాలు కొననివ్వలేదు. రెండు వరుసలు, రెండు నిలువులు ఉన్న మాత్రికలు చాలు అన్నాను. వాటికి ఐగన్ విలువలు (దిశ మారని వెక్టర్లను మాత్రిక ఎన్ని రెట్లు చేస్తుందో ఆ సంఖ్యలు) తీయడం ఆమెకు డిగ్రీలోనే వచ్చు. ఇంకో నియమం పెట్టాను. కాగితం మీద ఏది రాసినా, రాసిన వెంటనే అది ఏం చెబుతోందో తెలుగులో నోటితో చెప్పాలి. ఇంగ్లీషులో అయితే పుస్తకంలోని వాక్యం యథాతథంగా వచ్చేస్తుంది. తెలుగులో చెప్పాల్సి వస్తే ఆమె ఆగి ఆలోచించాల్సి వచ్చేది. ఆగిన చోట పని మొదలుపెట్టేవాళ్ళం.

మైనస్ ఎక్కడ కనబడుతుంది?

ఫ్రాంక్‌ఫర్ట్‌లో 1922లో ఓటో స్టెర్న్, వాల్థర్ గెర్లాక్ వెండి పరమాణువుల పుంజాన్ని అసమాన అయస్కాంత క్షేత్రం గుండా పంపితే అది రెండుగా చీలింది. అప్పటికి స్పిన్ అనే భావనే లేదు. ఊలెన్‌బెక్, గౌడ్‌స్మిట్ ఆ ప్రతిపాదన చేసింది 1925లో. అంటే ఈ ప్రయోగ ఫలితాన్ని వివరించడానికి కావలసిన భావనే మూడేళ్ళ తరువాత వచ్చింది. నేను మొదలుపెట్టింది ఇక్కడే, అయస్కాంతాలను వరుసగా పేర్చుతూ.

మొదటి అయస్కాంతం జెడ్ దిశలో. పైకి వచ్చిన పుంజాన్ని మాత్రమే తీసుకుని ఎక్స్ దిశ అయస్కాంతంలోకి పంపితే మళ్ళీ రెండుగా చీలుతుంది. అందులో ప్లస్ వైపు వచ్చినదాన్ని మళ్ళీ జెడ్ అయస్కాంతంలోకి పంపితే? మొదట్లో పైవాటినే ఏరుకున్నాం కాబట్టి అన్నీ పైకే వెళ్ళాలని ఆమె అంచనా. సగం కిందికి వెళ్తాయి. ఇంతవరకు ఏ పుస్తకంలోనైనా ఉంటుంది, ఆమె కూడా తొందరగానే ఒప్పుకుంది. అసలు చిక్కు తరువాత వచ్చింది.

కాగితం మీద ఇలా రాసుకున్నాం:

ఎక్స్-ప్లస్ = (జెడ్-ప్లస్ + జెడ్-మైనస్) / √2

ఎక్స్-మైనస్ = (జెడ్-ప్లస్ − జెడ్-మైనస్) / √2

దీన్ని తెలుగులో చెప్పమన్నాను. "ఎక్స్-ప్లస్ అంటే సగం కణాలు పైకి, సగం కణాలు కిందికి ఉన్న పుంజం" అంది. అయితే ఎక్స్-మైనస్ ఏమిటి అన్నాను. అదే వాక్యం మొదలుపెట్టి మధ్యలో ఆగిపోయింది. కొంతసేపు కాగితం చూసి, "మేడమ్, ఈ మైనస్ ఎక్కడ కనబడుతుంది?" అని అడిగింది.

కోర్సు మొత్తంలో ఇంతకంటే మంచి ప్రశ్న లేదని నా అభిప్రాయం. జెడ్ దిశలో కొలిస్తే వర్గం తీయగానే మైనస్ మాయమవుతుంది, రెండు స్థితులకూ చెరి సగమే. మరి రెండూ ఒకటేనా? ఎక్స్ అయస్కాంతం పెట్టి చూడమన్నాను. ఎక్స్-ప్లస్ పుంజం మొత్తం ప్లస్ వైపే వెళ్తుంది, ఎక్స్-మైనస్ మొత్తం మైనస్ వైపే. ఇప్పుడు మూడో పుంజం తయారుచేద్దాం: సగం కణాలు జెడ్-ప్లస్, సగం జెడ్-మైనస్, ఏదో పెట్టెలోంచి ఏ వరుసా లేకుండా కలిపి తీసినవి. దీన్ని ఎక్స్ అయస్కాంతంలో పెడితే మళ్ళీ చెరి సగమే. ఆమె చెప్పిన తెలుగు వాక్యం ఈ మూడో పుంజానికి సరిపోతుంది, మొదటి రెండింటికీ సరిపోదు.

అదే మాటను డెన్సిటీ మాత్రికలో, అంటే పుంజం స్థితిని మొత్తంగా చెప్పే మాత్రికలో, రాయించాను. మూడింటికీ వికర్ణం మీద సగం, సగం. వికర్ణానికి పక్కన ఉండే గడుల్లో మొదటిదానికి ప్లస్ సగం, రెండోదానికి మైనస్ సగం, కలగాపులగం పుంజానికి సున్నా. మైనస్ ఎక్కడ కనబడుతుందో ఆమెకు వేలు పెట్టి చూపించే చోటు దొరికింది. చాలా కోర్సుల్లో డెన్సిటీ మాత్రిక చివరి యూనిట్‌లో, అదీ సమయం మిగిలితే వస్తుంది. రెండు స్థితుల వ్యవస్థకు మొదటి నెలలోనే చెప్పేయవచ్చు. అందులో కష్టమేమీ లేదు, సూపర్‌పొజిషన్‌కూ కలగాపులగానికీ తేడా చూపించడానికి దానికి మించిన సాధనమూ లేదు.

తరువాత జెడ్ దిశలో అయస్కాంత క్షేత్రం పెట్టి ఎక్స్-ప్లస్ స్థితిని వదిలేశాం. రెండు భాగాలకూ వేర్వేరు శక్తులు, కాబట్టి వేర్వేరు కాల ఘాతాలు. ఒక టెస్లా క్షేత్రంలో ఎలక్ట్రాన్‌కు ఈ తేడా సుమారు 28 గిగాహెర్ట్జ్. లెక్క చేస్తే ప్లస్ గుర్తు కొంతసేపటికి మైనస్ అవుతుంది, ఎక్స్-ప్లస్ కాస్తా ఎక్స్-మైనస్ అవుతుంది, తిరిగి మొదటికి వస్తుంది. జెడ్ దిశలో మాత్రం ఎప్పుడు కొలిచినా చెరి సగమే. ఈ లెక్క పూర్తికాగానే, నేను అడగకుండానే, పాత కాగితం తీసి పెట్టె లెక్కలోని ఒంటరి ఘాతాన్ని కొట్టేసి రెండు రాసింది.

ఒకే ఇల్లు, రెండు దారులు

వేవ్ ఫంక్షనే స్థితి అన్న నమ్మకాన్ని కదిలించడం రెండో పని. ఇల్లు ఎక్కడమ్మా అంటే ఒకరు గుడి నుంచి దారి చెబుతారు, ఒకరు బస్టాండు నుంచి చెబుతారు. మలుపులు వేరు, ఇల్లు ఒకటే. స్థితి ఆ ఇల్లు. ఎక్స్ బేసిస్‌లో, అంటే కణం స్థానాన్ని ఆధారంగా తీసుకుని, రాసిన దారి వేవ్ ఫంక్షన్, ద్రవ్యవేగం బేసిస్‌లో రాస్తే దాని ఫూరియర్ రూపం. ఫూరియర్ ట్రాన్స్‌ఫార్మ్ ఆమెకు ఎప్పటినుంచో వచ్చు, దాన్ని బేసిస్ మార్పిడిగా ఎవరూ చూపించలేదంతే.

అమ్మోనియా లెక్క ఇక్కడ బాగా పనికొచ్చింది. నైట్రోజన్ పరమాణువు మూడు హైడ్రోజన్ల తలానికి ఒక వైపు ఉండవచ్చు, రెండో వైపూ ఉండవచ్చు. రెండు స్థానాలకూ ఒకే శక్తి, ఒకదాన్నుంచి మరొకదానికి టన్నెలింగ్ (దాటడానికి శక్తి చాలకపోయినా అడ్డును దాటిపోవడం) ఉంది కాబట్టి మాత్రికలో వికర్ణానికి పక్క గడుల్లో మైనస్ ఏ. ఐగన్ విలువల మధ్య తేడా రెండు ఏలు. ప్రయోగంలో అది సుమారు 24 గిగాహెర్ట్జ్. కొలంబియా విశ్వవిద్యాలయంలో చార్లెస్ టౌన్స్ బృందం 1954లో నడిపిన తొలి మేజర్ (మైక్రోవేవ్‌లను పెంచే పరికరం) ఈ రెండు స్థాయిల మీదే పనిచేసింది. ఇందులో ఎక్కడా ఎక్స్ మీద ఆధారపడే వేవ్ ఫంక్షన్ రాయలేదని ఆమె తనంతట తానే గమనించింది.

డోలకాన్ని ఇంటిగ్రల్స్ లేకుండా

హార్మోనిక్ ఆసిలేటర్‌ను హెర్మైట్ బహుపదులతో ఆమె ఇంతకుముందే చేసింది. స్థాయిని ఒక మెట్టు పైకి ఎక్కించే, కిందికి దించే ఆపరేటర్లు కూడా 'రెండో పద్ధతి' పేరుతో నోట్సులో ఉన్నాయి. రెండో పద్ధతి ఎందుకు అవసరమో మాత్రం లేదు. అందుకని ఒక లెక్క ఇచ్చాను: డోలకానికి ఎక్స్ నాలుగో ఘాతం తోడైతే అట్టడుగు స్థాయి శక్తి మొదటి ఆర్డర్‌లో ఎంత మారుతుంది?

ఆమె గాస్సియన్ ఇంటిగ్రల్ రాసుకోబోయింది. వద్దని, ఎక్స్ వర్గాన్ని అట్టడుగు స్థితి మీద ఒక్కసారి మాత్రమే నడిపి చూడమన్నాను. అట్టడుగు నుంచి రెండు మెట్లు పైనున్న స్థాయి √2 వంతున, అట్టడుగు స్థాయి ఒకటి వంతున వచ్చాయి, ముందు హెచ్-బార్ బై రెండు ఎమ్ ఒమేగా ఉంది. నాలుగో ఘాతం సగటు అంటే ఈ వచ్చిన వెక్టర్ పొడవు వర్గమే కదా అని ఆమెకు తట్టడానికి కొంచెం సమయం పట్టింది. తట్టాక మిగిలింది కూడిక: √2 వర్గం రెండు, ఒకటి వర్గం ఒకటి, మొత్తం మూడు. జవాబు మూడు రెట్లు, ముందున్న గుణకం వర్గం. ఒక వరుసన్నరలో అయిపోయింది. నమ్మకం కుదరక ఇంటికి వెళ్ళి ఇంటిగ్రల్ కూడా చేసుకుని వచ్చింది. రెండూ కలిశాయి. అలా సరిచూసుకునే అలవాటును నేను ఎన్నడూ ఆపను.

హారంలో సున్నా

పర్టర్బేషన్ థియరీలో (చిన్న మార్పు వల్ల స్థాయిలు ఎంత జరుగుతాయో లెక్కకట్టే పద్ధతిలో) ఎమ్మెస్సీ విద్యార్థులు ఎక్కువగా బోల్తా పడేది డీజెనరేట్ స్థాయిల దగ్గర, అంటే ఒకే శక్తి ఉన్న పలు స్థితుల దగ్గర. హైడ్రోజన్ రెండో స్థాయిలో విద్యుత్ క్షేత్ర ప్రభావం, అంటే స్టార్క్ ఎఫెక్ట్, అందుకు సరైన పరీక్ష. యోహానెస్ స్టార్క్ దీన్ని 1913లో గమనించారు, ష్రోడింగర్ 1926లో తన కొత్త సిద్ధాంతంతో లెక్కకట్టారు.

ఆమె చేసిన మొదటి ప్రయత్నం నా దగ్గర ఇప్పటికీ ఉంది. 2ఎస్ స్థితిలో జెడ్ సగటు పారిటీ (దిశలన్నీ తిరగేసినప్పటి సౌష్ఠవం) వల్ల సున్నా అని రాసింది, నిజమే. 2పి స్థితులు మూడింటికీ సున్నా అని రాసింది, అదీ నిజమే. కాబట్టి మొదటి ఆర్డర్‌లో మార్పు లేదని తేల్చి రెండో ఆర్డర్ సూత్రం అందుకుంది. అక్కడ 2ఎస్, 2పి శక్తుల తేడా హారంలోకి వచ్చింది. హైడ్రోజన్‌లో ఆ తేడా సున్నా. ఆ పదం మీద అడ్డంగా గీత కొట్టి, 'నెగ్లెక్ట్ చేయవచ్చు' అని పక్కన రాసి ముందుకు వెళ్ళిపోయింది. అనంతాన్ని నెగ్లెక్ట్ చేసిన ధైర్యానికి ఇద్దరం నవ్వుకున్నాం.

హారంలో సున్నా వస్తే ప్రకృతిలో ఏదో బద్దలైందని కాదు, మనం ఎంచుకున్న బేసిస్ ఈ ప్రశ్నకు నప్పలేదని అర్థం. నాలుగు స్థితులూ ఒకే శక్తితో ఉన్నప్పుడు వాటి ఏ కలయికైనా సమానంగా చెల్లుతుంది. అందులో ఏ కలయికలు క్షేత్రానికి నచ్చుతాయో క్షేత్రమే చెప్పాలి. అంటే నాలుగు వరుసల మాత్రిక రాసి దాని ఐగన్ వెక్టర్లు తీయాలి.

పదహారు గడులు. ఇంటిగ్రల్స్ మొదలుపెట్టే ముందు ఎన్ని గడులు ఖాళీయో చెప్పమన్నాను. పారిటీ వల్ల ఎస్‌కు ఎస్‌తో, పికి పితో ఉన్న గడులన్నీ పోయాయి. జెడ్ అక్షం చుట్టూ తిప్పినా క్షేత్రం మారదు కాబట్టి ఎమ్ విలువ (జెడ్ దిశలో కోణీయ ద్రవ్యవేగం) మారే గడులూ పోయాయి. మిగిలింది 2ఎస్‌కూ ఎమ్ సున్నా ఉన్న 2పికీ మధ్య గడి, దాని ప్రతిబింబం. పదహారు ఇంటిగ్రల్స్ చేయాల్సిన చోట ఒక్కటి చేస్తే చాలు. సౌష్ఠవంతో ఇలా లెక్క తగ్గించుకోవడానికి మన దగ్గర మంచి వారసత్వమే ఉంది: సూరి భగవంతం, టి. వెంకటరాయుడు కలిసి భౌతిక సమస్యలకు గ్రూప్ థియరీని అన్వయిస్తూ రాసిన పుస్తకాన్ని 1948లో వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయమే ప్రచురించింది. ఈ తరం విద్యార్థుల్లో ఆ సంగతి విన్నవాళ్ళు నాకు అరుదుగా తగులుతారు.

ఆ ఒక్క ఇంటిగ్రల్ విలువ మైనస్ మూడు బోర్ వ్యాసార్ధాలు. రెండు స్థాయిలు కదలవు, ఒకటి పైకి, ఒకటి కిందికి జరుగుతాయి, జరిగిన దూరం ఎలక్ట్రాన్ ఆవేశం, క్షేత్రం, బోర్ వ్యాసార్ధం లబ్ధానికి మూడు రెట్లు. మిగిలిన చిన్న మాత్రికను చూసి, "ఇది అమ్మోనియా మాత్రికే కదా మేడమ్, ఐగన్ వెక్టర్లు ఎక్స్-ప్లస్, ఎక్స్-మైనస్" అని లెక్క చేయకుండానే రాసేసింది. 2ఎస్, 2పి కలిస్తే ఎలక్ట్రాన్ మేఘం ఒక పక్కకు ఒరుగుతుందని, ప్లస్ కలయికలో ఒక వైపు, మైనస్ కలయికలో రెండో వైపు అని బొమ్మ కూడా గీసింది. నేను బొమ్మ అడగలేదు.

ఇక్కడ ఒక అంకె అడగడం అలవాటు చేసుకోవాలి. మీటరుకు పది లక్షల వోల్టుల క్షేత్రంలో ఈ జరుగుడు సుమారు 0.16 మిల్లీ ఎలక్ట్రాన్ వోల్టులు. అదే స్థాయిలో ఫైన్ స్ట్రక్చర్ (స్పిన్, సాపేక్షతల వల్ల వచ్చే చిన్న చీలిక) తేడా దాదాపు 0.045. అంత క్షేత్రంలో ఫైన్ స్ట్రక్చర్‌ను పక్కన పెట్టినా పెద్ద తప్పు లేదు. క్షేత్రం బాగా తగ్గిస్తే పెట్టకూడదు. ఇంకా తగ్గిస్తే 1947లో కనుగొన్న లాంబ్ షిఫ్ట్ (2ఎస్, 2పి శక్తుల మధ్య నిజంగా ఉండే అతి చిన్న తేడా), సుమారు 1057 మెగాహెర్ట్జ్, అడ్డువస్తుంది. అప్పుడు ఆ రెండు స్థితులకూ ఒకే శక్తి ఉండదు, హారంలో సున్నా ఉండదు, ఆమె మొదట వాడిన సూత్రమే సరైనదవుతుంది. ఏ సూత్రమూ దానంతటదే తప్పు కాదు, ఎంత క్షేత్రమో అడగకుండా వాడితే తప్పు. పరీక్ష పేపర్లలో క్షేత్రం విలువ ఎందుకు ఇవ్వరో నాకు ఎప్పటికీ అర్థం కాదు.

ఏం మారింది, ఏం మారలేదు

రెండో సెమిస్టర్ మార్కులు దాదాపు మొదటి సెమిస్టర్ మార్కుల్లాగే వచ్చాయి. పేపర్లో మళ్ళీ డెరివేషన్లే అడిగారు, ఆమె మళ్ళీ రాసింది. మార్కుల జాబితా చూసి ఈ కేసులో ఏదైనా జరిగిందని ఎవరూ చెప్పలేరు. తేడా తెలిసింది సీఎస్ఐఆర్ నెట్ (లెక్చరర్, పరిశోధన అర్హత పరీక్ష) పాత పేపర్ల దగ్గర. ఐదు మార్కుల ప్రశ్నలుండే మూడో భాగంలో తప్పుకు పావు వంతు మార్కులు పోతాయి కాబట్టి ఇంతకుముందు క్వాంటం ప్రశ్నలు వదిలేసేది. ఇప్పుడు మాత్రిక రూపంలో ఉన్నవి ముందుగా ఏరుకుంటోంది. మొదటిసారి రాసిన నెట్‌లో లెక్చరర్ అర్హత వచ్చింది, జేఆర్ఎఫ్ (పరిశోధన ఫెలోషిప్) రాలేదు. మళ్ళీ రాస్తానంటోంది.

ప్రాజెక్టు మరో చోట దొరికింది. రెండు స్థాయిల వ్యవస్థ చుట్టుపక్కల పరిసరాలతో కలిసినప్పుడు డెన్సిటీ మాత్రికలో పక్క గడులు ఎంత వేగంగా కరిగిపోతాయో లెక్కకట్టడం పని. ఇంటర్వ్యూలో సూపర్‌పొజిషన్‌కూ మిశ్రమానికీ తేడా ఏమిటని అడిగారట. మూడు పుంజాల సంగతి చెప్పానని ఫోను చేసి చెప్పింది.

మిగిలిపోయినవి ఉన్నాయి. కోణీయ ద్రవ్యవేగాల కూడికలో క్లెబ్ష్-గోర్డన్ గుణకాలను ఇంకా పట్టిక చూసి దింపుతుంది. రెండు స్పిన్‌లకు సింగ్లెట్, ట్రిప్లెట్ వరకు సొంతంగా కడుతుంది, ఒకటీ సగమూ కలిపితే తడబడుతుంది. స్కాటరింగ్ (కణాలు ఢీకొని చెదరడం) అసలు కుదరలేదు. బోర్న్ అప్రాక్సిమేషన్ సూత్రంలో విలువలు వేసి జవాబు తెస్తుంది, ఆ సూత్రం ఎప్పుడు చెల్లదో చెప్పలేకపోతోంది. మా పద్ధతికీ ఇక్కడ హద్దు ఉంది: రెండు వరుసల మాత్రికలతో స్కాటరింగ్‌లోకి దారి లేదు, అక్కడ మళ్ళీ అవకలన సమీకరణాలే దిక్కు. ఆమెకు అవి బాగా వచ్చు కాబట్టి మూడో సెమిస్టర్‌లో ఫేజ్ షిఫ్ట్ నుంచి మొదలుపెట్టాలని అనుకున్నాం. మొదటి లెక్క ఇచ్చేశాను: గట్టి గోళాన్ని తక్కువ శక్తి గల కణం ఢీకొంటే క్రాస్ సెక్షన్ (కణానికి గోళం ఎంత వైశాల్యంగా అడ్డుపడుతుందో ఆ కొలత) ఎంత? గోళం అడ్డుకోత వైశాల్యానికి నాలుగు రెట్లు వస్తుంది. ఆ నాలుగు ఎక్కడినుంచి వచ్చిందో తెలుగులో చెప్పి, సూత్రం తరువాత రాయమన్నాను.